చేపలకు చెవులుంటే పోగులు కుట్టిద్దామా?

చిత్తూరు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. నాలుగు ఠావులు, రెండు వైపులా నింపారు. పేరు వేయొద్దన్నారు, వీధి పేరు అసలే వద్దన్నారు. పొడుగు తగ్గించి చెబుతాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్త లారీ ఆఫీసులో లెక్కలు రాస్తారు. మామగారు పోయాక ఇంటి జాగా రెండు వాటాలైంది. నడుమ ఉమ్మడి గోడ. అవతల బావగారి కుటుంబం. షామియానాలు, కుర్చీలు, సౌండ్ బాక్సులు అద్దెకివ్వడం ఆయన పని, ఇరవై రెండేళ్లుగా అదే. మూడేళ్ల కిందట పెరట్లో రేకులు వేయించి సీమంతాలకూ రిసెప్షన్లకూ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇవతల ఈమె డ్వాక్రా లోను తీసుకుని రంగు చేపలు పెంచుతున్నారు. చెన్నైలో కొళత్తూరు దాకా పోయి గోల్డ్ ఫిష్ తల్లి చేపలు తెచ్చుకున్నారు. గోడ వారగా సిమెంటు తొట్లు కట్టించారు. గుడ్లు పెట్టించి, పిల్లల్ని తీసి, తిరుపతి, చిత్తూరు షాపులకు వేస్తున్నారు. పెద్ద చేపలైతే మేత డబ్బా మూత తడితే చాలు గుంపుగా వస్తాయట. పిల్లలు మాత్రం అదే చప్పుడుకు చెదిరిపోతాయట.

గొడవ మాఘమాసంలో మొదలైంది. అవతల రిసెప్షన్. డీజే బాక్సులు ఉమ్మడి గోడకు ఆనించి పెట్టారు. "గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి అదిరింది సార్. తొట్లో నీళ్లు సన్నగా వణికినాయి" అని రాశారు. పదకొండున్నరకు వీధిలో కరెంటు పోయింది. "మేము చీకట్లో కూర్చుంటే ఆయన జనరేటరు మీద ఒంటిగంట దాకా పాటలు పెట్టించినాడు" అని ఒక వాక్యం. కరెంటు మూడింటికి గానీ రాలేదు. ఐదున్నరకు లేచి చూస్తే, గుడ్డు పగిలి పన్నెండు రోజులైన పిల్లలు, బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగున్నవి, రెండు వేలకు పైగా పోయాయి. "నీళ్ల మీద పొట్టు చల్లినట్టుంది. చేత్తో తీస్తే వేళ్లకు అంటుకున్నాయి. బతికిన ఒకటీ అరా పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉండినాయి." పక్క తొట్లోని నలభై పెద్ద చేపలకు ఏమీ కాలేదు. ఆ పొద్దున కాణిపాకం వెళ్లాల్సి ఉండి, ముందు రోజు సాయంత్రమే చేపపిల్లలకు ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన రెండింతలు వేశారట. ఆ మాట ఉత్తరంలో మొక్కు చెడిందన్న బాధలో వచ్చింది.

పది రోజులకు మామగారి తిథి. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఈమె అనేశారు: మీ బాక్సుల మోతకే నా చేపలు చచ్చినాయి, పది వేలు నష్టం, ఎవరిస్తారు అని. బావగారు తమ్ముడి వైపు తిరిగి, "చేపలకు చెవులేందిరా? ఉంటే చెప్పు, కుట్టించి పోగులు పెట్టిద్దాం" అన్నారు. వరసంతా నవ్వింది. తోడికోడలూ నవ్వింది. భర్త నవ్వలేదు, మాట్లాడనూ లేదు. గంగజాతరకు ఊరంతా పలకలు మోగుతాయే, కట్టమంచి చెరువులో ఒక్క చేపైనా చచ్చిందా అని కూడా బావగారు అడిగారట.

అప్పటి నుంచి రెండిళ్లకు మాటల్లేవు. వైశాఖంలో బావగారి కూతురి పెళ్లి. ఆ పిల్ల ఈమె చేతుల్లోనే పెరిగింది, తొట్లు కడగడానికి సాయం వచ్చేది. గోడ మీంచి తొంగిచూసి "చిన్నమ్మా, నువ్వు రాకుంటే నాకు నలుగు ఎవురు పెడతారు" అని ఏడ్చిందట. భర్త పోదామంటారు, ఈమె పోనంటారు. బావగారి మీద పాత లెక్కలూ ఉన్నాయి. తమ్ముడు పిలిస్తే పలుకుతారు, తాను పిలిస్తే పలకరు. ఎదురుగా నిలబడి అడిగితే తప్ప జవాబు ఉండదు. టీవీ వీధి చివరిదాకా వినబడేట్టు పెట్టుకుంటారు. "ఆడదాని మాట ఆయన చెవికెక్కదు సార్."

చివరి కోరిక ఇది: "చేపపిల్లలకు చెవులుంటాయని, డీజే మోతకు చస్తాయని మీరు రాయండి. కాగితం తీసుకుపోయి ఆయన ముందర పెడతా."

*

అమ్మా, సగం కాగితం ఇప్పుడే రాసిస్తాను. రెండో సగం మీద సంతకం పెట్టలేను. ఎందుకో చెప్పాలంటే కాస్త లోతుకు దిగాలి. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైనవాడికి ఇలాంటి ఉత్తరం దొరకడమే అరుదు, కాబట్టి నాలుగు మాటలు ఎక్కువైతే ఓర్చుకోండి.

చేపలకు చెవులున్నాయి. రెండు. తల లోపల, మెదడుకు అటూ ఇటూ. పోగులు కుట్టడానికి తమ్మెలు మాత్రం లేవు, ఆ మేరకు మీ బావగారు గెలిచారు.

చేప తలకాయ పులుసు తినేటప్పుడు పంటి కింద తెల్లటి రాయి ఎప్పుడైనా కరుక్కుమందా? కొన్ని సముద్రపు చేపల్లో బఠానీ గింజంత ఉంటుంది. అది చెవి రాయి. సున్నపు పదార్థం, ఒక్కో చెవిలో మూడు. రాయి కింద నూగు లాంటి కొనలున్న కణాల పరుపు ఉంటుంది. నీళ్లలో చప్పుడు పుడితే చేప ఒళ్లు నీటితోపాటే ఊగుతుంది, దాని సాంద్రత ఇంచుమించు నీటిదే కనక. రాయి బరువైంది, అంత తొందరగా కదలదు. బస్సు ఒక్కసారి ముందుకు ఉరికితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, రాయి వెనకబడుతుంది, కింది నూగు వంగుతుంది. చేపకు వినడమంటే ఆ వంగడమే.

మీ గోల్డ్ ఫిష్‌కూ, మన చెరువుల్లోని బొచ్చెకూ, రోహుకూ, వాలుగకూ ఇంకో సదుపాయం ఉంది. పొట్టలో గాలితిత్తి ఉంటుంది కదా, దాన్నుంచి చెవి దాకా చిట్టి ఎముకల గొలుసు ఒకటి. 1820లో వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు, ఆయన పేరుతోనే వెబర్ ఎముకలంటాం. చప్పుడుకు గాలితిత్తి పలక తోలులా అదురుతుంది, ఆ అదురును గొలుసు చెవికి అందిస్తుంది. అందుకే పెరిగిన గోల్డ్ ఫిష్ సుమారు 3000 హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు మూడు వేల అదురుల సన్నటి స్వరం దాకా, వింటుంది. గప్పీకి, తిలాపియాకు ఈ గొలుసు లేదు.

వందేళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా మీ బావగారి పక్షమే, చేపలకు చెవుడు అనేవాళ్లు. తేనెటీగల నాట్యం గుట్టు విప్పి 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ అంతకు చాలా ముందే, 1923లో, ఆ మాట తప్పని చూపించాడు. చూపు లేని ఒక క్యాట్‌ఫిష్‌కు మేత పెట్టేటప్పుడల్లా ఈల వేసేవాడు. కొన్నాళ్లకు మేత లేకపోయినా ఈల వేస్తే చాలు, చేప గూటిలోంచి బయటికి వచ్చేది. చూపున్న చేపనైతే మనిషి నీడ చూసి వచ్చిందంటారు. మీరు డబ్బా మూత తట్టేటప్పుడు ఒకసారి గోడ చాటు నుంచి తట్టి చూడండి, మీ చేపలు వచ్చేది చప్పుడుకా, మీ చీర రంగుకా అన్నది తేలుతుంది.

ఇక మీకు కావలసింది పిల్లల సంగతి. ఈ విషయంలో మనకు తెలిసిందాంట్లో చాలా భాగం జీబ్రా ఫిష్ చెప్పింది. మన దేశపు వాగుల్లో తిరిగే చారల చేప, గోల్డ్ ఫిష్‌కు దాయాది. దాని గుడ్డు అద్దంలా ఉంటుంది కాబట్టి లోపల జరిగేదంతా మైక్రోస్కోపులో చూడొచ్చు. ఒక రోజు తిరిగేసరికి చెవి గూట్లో రెండు మెరిసే చుక్కలు కనిపిస్తాయి, అవే మొదటి రెండు రాళ్లు. మూడో రాయి చాలా ఆలస్యంగా, పిల్ల బయటపడి ఈదుతున్న రోజుల్లో ఏర్పడుతుంది. నేను క్లాసులో ఎప్పుడూ ఇక్కడ ఆగేవాణ్ణి. ఆ మొదటి రెండు రాళ్లలో ముందున్నది వినడానికి కాదు, తూకానికి. ఏది పైన, ఏది కింద అని చెప్పేది అదే. అది ఏర్పడని పిల్ల పక్కకు ఒరిగిపోతుంది, నీటి పైకి పోయి గాలి మింగలేదు, గాలితిత్తి నిండదు, బతకదు. వెనక రాయి లేకపోయినా మాత్రం బతుకుతుంది. అంటే చేప మొదట నిలబడడం నేర్చుకుని, ఆ తర్వాత వింటుంది.

గుడ్డు పెట్టిన ఐదో రోజుకు గాలితిత్తిలో గాలి చేరుతుంది. ఆ వయసుకే పిల్ల గట్టి చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. రెప్పపాటు కూడా పట్టదు, ఒళ్లు కొడవలిలా వంచి పక్కకు దూకేస్తుంది. మీరు మూత తడితే చెదిరిపోయేది ఇదే. పెద్ద చేపకు ఆ చప్పుడు అన్నం అని తెలిసింది. పిల్లకు ఇంకా ప్రమాదమనే అర్థం.

అయితే ఉలికిపాటు వేరు, పూర్తిగా వినడం వేరు. పిల్లకు గాలితిత్తి ఉన్నా, దాన్ని చెవికి కలిపే ఎముకల గొలుసు ఇంకా కట్టుకోదు. అది నెమ్మదిగా, పిల్ల పొడుగయ్యే కొద్దీ కుదురుకుంటుంది. 2003లో జీబ్రా ఫిష్‌లకు మెదడు స్పందన కొలిచి చూశారు. 10 మిల్లీమీటర్ల పిల్ల 200 హెర్ట్జ్ దాకానే స్పందించింది. 45 మిల్లీమీటర్లకు ఎదిగినది 4000 దాకా. తేడా ఎంతనుకున్నారు? 200 అంటే ఆడవాళ్ల మామూలు మాట గొంతు దరిదాపు. 4000 అంటే విజిలు కీచుమనే చోటు. చేపపిల్ల వినికిడి కింది స్వరాల దగ్గర మొదలై, ఒళ్లుతోపాటు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. చెవి రాయి కూడా రోజుకో పొర చొప్పున పెరుగుతుంది. ఆ పొరలు లెక్కపెట్టి పిల్ల వయసు రోజుల్లో చెప్పొచ్చని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త గుర్తించాడు. చెట్టు కాండంలో ఏడాదికో వలయం ఉంటుందే, అలాగన్నమాట.

సరే, మీ తొట్టి దగ్గరికి వద్దాం. మీ పిల్లలకు ఆ రాత్రి పాటలు వినబడి ఉండవు. దుమ్ దుమ్ మాత్రం వినబడింది. ఇక్కడ ఒక పాయింటు మీ వైపే ఉంది, దాచను: డీజే బేస్ అంతా 200 హెర్ట్జ్‌కు కిందే, అంటే పసి చేపకు ఉన్న కాస్త చెవి కూడా సరిగ్గా ఆ చప్పుడుకే ఉంది. గాలిలోని చప్పుడు నీటి పై నుంచి లోపలికి దిగదు, వెయ్యి వంతుల్లో ఒక వంతు దిగితే ఎక్కువ. కానీ మీ తొట్లు గోడకు ఆని ఉన్నాయి, బాక్సులూ అదే గోడకు ఆని ఉన్నాయి. ఆ మోత గాలిలో రాలేదు, సిమెంటులో వచ్చింది. మీ చెయ్యి అదరడం, నీళ్లు వణకడం అబద్ధం కాదు. కట్టమంచి చెరువు పోలిక కూడా ఇందుకే నిలవదు. చెరువులో చేపకు పక్కకు పోయే జాగా ఉంది, అడుగున మెత్తటి బురద ఉంది, పలకలు కట్ట మీద ఎక్కడో మోగుతాయి. మీ పిల్లలు డప్పు లోపల ఉన్నట్టే ఉన్నాయి.

మరి చచ్చింది దానికేనా? నాకు అలా అనిపించడం లేదు. గోల్డ్ ఫిష్ మీదే 2004లో ఒక పరిశీలన వచ్చింది. ట్యాంకు నీళ్లలోనే స్పీకరు పెట్టి, మూడు వారాల దాకా గట్టి మోత వినిపించారు. చేపలకు వినికిడి మందగించింది, మొదట్లో కంగారు పడ్డాయి. అయినా చచ్చిపోలేదు. మోత ఆపిన రెండు వారాలకు వినికిడి కూడా తిరిగొచ్చింది. అవి ఎదిగిన చేపలు, మీవి పసివి, నిజమే. కానీ మీ తొట్ల వరసలోనే ఇంకో సాక్ష్యం ఉంది. ఆ నలభై పెద్ద చేపలకు ఎముకల గొలుసు పూర్తయింది, పిల్లల కన్నా ఎన్నో రెట్లు బాగా వింటాయి. అదే గోడ, అదే రాత్రి. వాటికి ఏమీ కాలేదు.

కరెంటు సంగతి చూడండి. పదకొండున్నర నుంచి మూడు దాకా, మూడున్నర గంటలు. జనరేటరు మీద ఆయన పాటలు ఆగలేదు. తొట్టి నీళ్లలోకి గాలి బుడగలు వదిలే మీ ఎయిర్ పంపు ఆగింది. ఒక్క తొట్లో రెండు వేల పిల్లలు, రెండింతల పచ్చసొన, రాత్రిపూట నీళ్లు. మిగిలిన పచ్చసొన కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. దాని నూనె నీటి మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది, వెలుతురుకు చూస్తే రంగులు కనిపిస్తాయి. అలా కదలని, బుడగలు లేని నీటికి పై నుంచి గాలి కూడా సరిగా అందదు. బతికినవి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఉన్నాయని మీరే రాశారు. అది చెవి దెబ్బతిన్న లక్షణం కాదమ్మా, ఊపిరాడని లక్షణం. మూడింటికి పంపు మళ్లీ నడిచే ఉంటుంది, అప్పటికి ఆలస్యమైపోయింది. పంపు గనక నీటి మట్టం కన్నా కింద పెట్టి ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకే దిగి ఉండొచ్చు, అదొకటి చూసుకోండి.

ఈ మాట మీకు చేదుగా ఉంటుందని తెలుసు. మోత తప్పు ఆయనది, చేపల చావు కరెంటుది, పచ్చసొన మీరు వేసింది. ఈ మూడూ ఒక్క రాత్రే జరగడంతో ఒక్కటే నేరంలా కనిపించాయి.

ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నేను ఆగింది మాత్రం చేపల దగ్గర కాదు. తమ్ముడు పిలిస్తే పలుకుతారు, మీరు పిలిస్తే పలకరు. ఎదురుగా నిలబడితే జవాబిస్తారు. టీవీ వీధి చివరికి వినబడాలి. ఇరవై రెండేళ్లుగా బాక్సుల పక్కనే పని. అమ్మా, ఇవన్నీ మీరు పొగరు లెక్కలో రాశారు. నాకు ఇంకో లెక్క తోస్తోంది. పెద్ద మోతలో ఏళ్ల తరబడి గడిపిన మనిషికి వినికిడి ఒక్కసారిగా పోదు. ముందు పై స్వరాలు పోతాయి, ఆ 4000 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. మగవాళ్ల బొంగురు గొంతు చాన్నాళ్లు వినబడుతూనే ఉంటుంది, ఆడవాళ్లదీ చిన్నపిల్లలదీ సన్నబడిపోతుంది. మాట వినబడినా 'స', 'ఫ', 'త' లాంటి అక్షరాలు జారిపోయి ఏం మాటో తెలియదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సరిపెట్టుకుంటారు. చాలామందికి తమకు తగ్గిందని తెలియనే తెలియదు, జనం గొణుగుతున్నారని విసుక్కుంటారు.

మీ పిల్ల చేపలు కింది నుంచి పైకి ఎక్కే మెట్లను ఆయన పై నుంచి కిందికి దిగుతున్నారేమో. చేపకైతే చెడిన నూగు కణాలు మళ్లీ మొలుస్తాయి, బతికినన్నాళ్లూ కొత్తవి చేరుతూనే ఉంటాయి. మనిషికి మొలవవు. నేను డాక్టర్ని కాను, ఉత్తరం చదివి రోగం చెప్పడం తప్పు కూడా. ఊహే కావచ్చు. చెవికి ఎంత వినబడుతోందో కొలిచే ఒక ఆడియోమెట్రీ పరీక్షతో అరగంటలో తేలిపోయే ఊహ.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, కాగితం తీసుకుపోయి ముందర పెట్టడం. పై నుంచి సగం దాకా చదివితే మీరు గెలుస్తారు. కానీ ఆయన మిగతా సగం కూడా చదువుతారు, పంపు ఆగిన మాట దగ్గర వేలు పెడతారు. అప్పుడు మొత్తం వరస ఇంకోసారి నవ్వుతుంది. కత్తిరించి చూపిస్తానంటారా, పెళ్లి ముందు అలాంటి పని నాకు నచ్చదు.

రెండోది, ఫిర్యాదు. దానికి మీకు పూర్తి హక్కుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్లు మోగించకూడదు. ఒంటిగంట దాకా అంటే చేపలున్నా లేకున్నా తప్పే. మీ పిల్లలు చదువుకోవాలి, నిద్రపోవాలి. ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి ఆపిస్తారు కూడా. కానీ ఆయన తిండి ఆ పెరటి మీద ఉంది. గోడకు ఆ పక్క ఎవరు ఫోన్ చేశారో తెలియడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. మీ భర్త ఇప్పటిదాకా నోరు విప్పలేదు, ఆ రోజు విప్పాల్సి వస్తుంది. ఎవరి వైపు అన్నది మీకు ముందే తెలిసి ఉంటే ఈ దారి పట్టండి. మాటతో లొంగని మనిషని తేలాక వాడాల్సిన దారి ఇది.

మూడోది, ఎవరితోనూ మాట్లాడకుండా మీ వైపు సర్దుకోవడం. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొనండి, అది డబ్బు దండగ కాదు. పిల్లల్ని మూడు నాలుగు తొట్లకు పంచండి. పచ్చసొన వేస్తే చిటికెడు, అదీ గుడ్డలో వడగట్టి. రెండు గంటల తర్వాత అడుగున మిగిలింది గొట్టంతో లాగేయాలి. ఊరికి పోయే రోజు ఎక్కువ వేయడం కాదు, అసలు వేయకండి, ఒక పూట పస్తుకు పిల్లలు చావవు. గుడ్డు పగిలిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా నీటి మీద నూనె పొర లేకుండా పాత పేపరు పరిచి ఎత్తేయండి. ఆ రోజుల్లోనే పిల్ల పైకొచ్చి గాలి మింగాలి, మింగకపోతే ఈదనూ లేదు, రేపు సరిగా విననూ లేదు. పసిపిల్లల తొట్టి మాత్రం గోడకు దూరంగా, ప్లాస్టిక్ టబ్బులో, కింద మందపాటి థర్మాకోల్ వేసి పెట్టండి. ఇలా చేస్తే చేపలు బతుకుతాయి. మీ కడుపులో మంట అలాగే ఉంటుంది.

కావాలంటే ఒక పరీక్ష కూడా చేయొచ్చు. ఒకే కాన్పు పిల్లల్ని రెండు టబ్బుల్లో సమానంగా వేసి, ఒకటి గోడ వారగా, ఒకటి దూరంగా థర్మాకోల్ మీద పెట్టండి. రెండింటికీ అదే మేత, అదే గాలి. రెండు ఫంక్షన్లు గడిచాక లెక్కపెట్టండి. గోడ వారవే ఎక్కువ పోతే నా మాట తప్పు, మీ మాట ఒప్పు; అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి, అది కూడా ఇక్కడే వేస్తాను.

నాలుగోది కష్టమైంది. వెళ్లి అడగడం. నష్టపరిహారం అడగడానికి కాదు. ఫంక్షన్ల తేదీలు ముందే చెప్పమనండి, బాక్సులు గోడకు నాలుగడుగుల దూరం జరపమనండి, పదికల్లా ఆపమనండి. ఇంకొకటి: ఆయన దగ్గర జనరేటరు ఉంది. చిన్న ఎయిర్ పంపుకు కావలసింది చిన్న ఎల్ఈడీ బల్బుకు అయ్యేంత కరెంటు. గోడ మీంచి ఒక వైరు ఇస్తే చాలు. ఆ రాత్రి ఆ వైరు ఉండి ఉంటే మీ పిల్లలు బతికి ఉండేవని నా నమ్మకం. ఆయన కాదంటే మీకు పోయేది మీరిప్పటికే పోగొట్టుకున్న మాటలే. అవునంటే, తిథి నాటి నవ్వు మాసిపోతుందని చెప్పను. అది మీరు గుర్తుపెట్టుకుంటారు, పెట్టుకోండి.

పెళ్లి సంగతి. దాన్ని ఈ లెక్కలో కలపకండి. నలుగు పెట్టమని అడిగింది ఆ పిల్ల, బావగారు కాదు. పోతే మీరు ఓడిపోయినట్టని ఎవరైనా అనుకోవచ్చు, తోడికోడలు అనుకుంటుంది కూడా. పోకపోతే మీ మీద నవ్వని మనిషి ఆ ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే అని మీకు రాత్రుళ్లు గుర్తొస్తుంది. మీ భర్త సంగతి నేను ఎక్కువ మాట్లాడను. అన్న ముందు ఆయన నవ్వకుండా కూర్చోవడం, ఆ ఇంటి పద్ధతిలో చిన్న మాటేం కాదనిపించింది. ఆయన్ని ఒకసారి విడిగా అడగండి, ఎందుకు మాట్లాడలేదని.

చెవి పరీక్ష విషయం మాత్రం మీ నోట రాకూడదు. మీరు చెబితే తిట్టు అవుతుంది. పెళ్లి పనులయ్యాక తమ్ముడి చేత గానీ, కూతురి చేత గానీ చెప్పించండి. ఈలోగా వైరు అడగడానికి వెళ్తే, వెనక నుంచి బావగారూ అని పిలవకండి. టీవీ ఆపమని మీ తోడికోడలికి సైగ చేయండి, ఎదురుగా వెళ్లి కూర్చోండి, ఆయన మీ మొహం చూసిన తర్వాత మొదలుపెట్టండి.